ఇంటిపేరున్న స్పీకరు

నూజివీడు బస్టాండు ఎదుటి సందులోకి తిరిగితే మొదట సోడా కొట్టు, తర్వాత రత్నబాబు టీ హోటలు, దాన్ని ఆనుకుని, ఎవరో ఇల్లు మొదలుపెట్టి మధ్యలో ఆలోచనలో పడి ఆపేసినట్టుండే ఒక గది వచ్చేవి. ఆ గదే హనుమయ్య కొట్టు. 'ఇచ్చట అన్ని రకముల రేడియోలు బాగుచేయబడును' అని బోర్డు ఉండేది. బాగుచేయబడనివి ఏమవుతాయో బోర్డు చెప్పలేదు గానీ ఊరందరికీ తెలుసు. అవీ ఆ గదిలోకే వెళ్ళేవి, అక్కడినుంచి బయటికీ వచ్చేవి. కాకపోతే రేడియోలుగా రావు.

ఆత్మను గురించి పెద్దలు చెప్పే మాటనే హనుమయ్య ట్రాన్స్‌ఫార్మర్ల గురించి చెప్పేవాడు.

"చచ్చేది సెట్టండీ. సామాను చావదు. ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి మారుతుంది, అంతే."

ఈ వేదాంతం అతనికి ఏ మఠంలోనూ అబ్బలేదు. విస్సన్నపేట రోడ్డులో ముసునూరి వీరరాఘవయ్య గారి మామిడితోటకు హనుమయ్య తండ్రి కాపలా మనిషి. హనుమయ్య ఆ తోట పాకలోనే పుట్టాడు. సాయంత్రాలు వీరరాఘవయ్య గారు తమ ఇంటి అరుగు మీద పడక్కుర్చీ వేసుకుని కూర్చుంటే, వెనక కిటికీలో ఆయన వాల్వు రేడియో మోగేది. టేకు చెక్క పెట్టె, పచ్చగా వెలిగే అద్దం, కొబ్బరికాయంత గొంతు. వ్యవసాయదారుల కార్యక్రమంలో ఎవరైనా ఎరువుల గురించి సలహా చెబితే వీరరాఘవయ్య గారు అక్కడికక్కడే సమాధానం చెప్పేవారు. రేడియోకి వినపడేదో లేదో తెలియదు గానీ, వాకిట్లో కూర్చున్న కూలీలకు ఇద్దరి మాటలూ వినపడేవి. హనుమయ్య ఆ కూలీల వెనక నిలబడి పచ్చని అద్దం వంక చూసేవాడు. దగ్గరికి వెళ్ళే రివాజు లేదు. ముట్టుకునే మాట అసలే లేదు.

ముట్టుకోనివ్వని వస్తువు మీద మోజు మనిషిని ఎంత దూరమైనా తీసుకుపోతుంది. హనుమయ్యను బెజవాడ దాకా తీసుకుపోయింది. అక్కడ ఒక రేడియో షాపులో ముందు చీపురు పట్టుకుని, తర్వాత సోల్డరింగు కడ్డీ పట్టుకుని కొన్నేళ్ళు గడిపి, సరోజను పెళ్ళి చేసుకుని, నూజివీడు వచ్చి ఈ కొట్టు పెట్టాడు.

కొట్లో బీరువాలు లేవు. మామిడిపళ్ళు ఉత్తరాదికి ఎగుమతయ్యే చెక్కపెట్టెలే బీరువాలు. ఒకదాంట్లో నాబ్‌లు, ఒకదాంట్లో కాయిళ్ళు, ఒకదాంట్లో స్పీకర్లు. 'బంగినపల్లి, మొదటి రకం' అని ముద్ర వేసిన పెట్టెలో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు ఉండేవి. వాటినీ పారేయడు. చుట్లు విప్పితే రాగి, లోపలి రేకులు మరో దానికి. అయిపోయిన బ్యాటరీ సెల్లులు కొట్టి, ఆ నల్లపొడిని చుట్టుపక్కల బళ్ళకు పంపేవాడు. పంతుళ్ళు దాన్ని గుంటగలగరాకు రసంలో కలిపి నల్లబల్లలకు పూయించేవారు. నూజివీడు తాలూకాలో ఆ రోజుల్లో ఎక్కాలు నేర్చిన వాళ్ళందరూ హనుమయ్య సెల్లుల మీదే నేర్చారన్నా పెద్ద అబద్ధం కాదు.

మొదట్లో వైర్లు కాల్చి రాగి తీసేవాడు. ఆ పొగ వెనకింటి తులసమ్మ గారి వడియాల మీద వాలింది. తులసమ్మ గారు గోడ మీదుగా ఒక్క మధ్యాహ్నం మాట్లాడారు. ఆ తర్వాత హనుమయ్య బ్లేడుతో గీసి తొడుగు ఒలవడం అలవాటు చేసుకున్నాడు. పొగ మీద ప్రభుత్వం వారు ఎన్ని చట్టాలు చేసినా తులసమ్మ గారంత త్వరగా అమలు చేయగలరని నేననుకోను.

ఒక్కదానికి మాత్రం అతనికి దారి దొరకలేదు. పాత కండెన్సర్ల లోపలి జిడ్డు నూనె. నేలమీద పోయడానికి మనసొప్పలేదు. తోటలో పుట్టినవాడు, నేలంటే చెట్టు కంచమని తెలిసినవాడు. ఒక సీసాలో పోసి పై అరలో పెట్టాడు. ఆ సీసా ఎప్పటికీ నిండలేదు, ఎప్పటికీ ఖాళీ కాలేదు. చావని సామాను గురించి మాట్లాడేటప్పుడు హనుమయ్య ఆ సీసా వైపు చూసేవాడు కాదు.

"ఇల్లు కాదు, రేడియోల వల్లకాడు," అనేది సరోజ.

"వల్లకాడైతే పోయినవి తిరిగి రావే పిచ్చిదానా. ఇక్కడ వస్తాయి," అనేవాడు హనుమయ్య.

ఆ మాట ఒకరోజు మరీ నిజమైంది.

టీవీలు వచ్చిన కొత్త. జి. కొండూరు నుంచి, ఉంగుటూరు నుంచి వాల్వు రేడియోలు అటకలు దిగి హనుమయ్య కొట్టుకు చేరుతున్నాయి. అలాంటి రోజుల్లో, మామిడి పూత మీద మంచు కురిసే కాలంలో, వీరరాఘవయ్య గారు పోయారు. పెద్దకర్మ నాడు మంచం, పరుపు, గొడుగు, చెప్పులు, చేతికర్ర దానమిచ్చారు. పోయినవారికి అవి పై లోకంలో అందుతాయని నమ్మకం. అన్నీ అయ్యాక భార్య బసవమ్మ గారు కిటికీ వైపు చూపించారు.

"అదీ ఇవ్వండి. వార్తలు వినకుండా ఆయన ఒక్క పూట ఉండలేరు."

కొడుకు బసవపున్నారావు వెళ్ళి దాని తీగ ఊడదీశాడు. దానం పట్టిన అవధానులు గారు శాస్త్రంలో రేడియో లేదనబోయి, పుచ్చుకోకూడదనీ అందులో లేదనుకుని పుచ్చుకున్నారు.

అవధానులు గారి ఇల్లు చిన్నది. రేడియో పెడితే అవధానులు గారు బయట పడుకోవాలి. వారం తిరగకుండానే దాన్ని రిక్షాలో హనుమయ్య కొట్టుకు తెచ్చి, బాగుచేసిన చిన్న ట్రాన్సిస్టరుతో మార్చుకుని, చంకలో పెట్టుకుని పాట వింటూ వెళ్ళిపోయారు.

హనుమయ్య ఆ సెట్టును చూడగానే గుర్తుపట్టాడు. ముందు చేతులు కడుక్కున్నాడు. తర్వాత పచ్చని అద్దం మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. దాన్ని దాచుకుంటాడనుకుంది సరోజ.

దాచుకోలేదు. సిద్ధాంతం సిద్ధాంతమే. సాయంత్రానికల్లా వాల్వులు వాల్వుల పెట్టెలోకి, నాబ్‌లు నాబ్‌ల పెట్టెలోకి వెళ్ళాయి. స్పీకరు విప్పి చూస్తే దాని కాగితం చినిగి, ఆ చినుగు మీద పంచాంగం కాలెండరు ముక్క అన్నం మెతుకులతో అంటించి ఉంది. వీరరాఘవయ్య గారి చేతిపని. గొంతు బాగుంది గదా, అంటించింది నిలబడింది గదా అని హనుమయ్య దాన్ని అలాగే స్పీకర్ల పెట్టెలో పెట్టాడు.

ఫాల్గుణంలో బసవపున్నారావు బండి దిగి కొట్లోకొచ్చాడు. చేతుల్లో ఇంట్లో మిగిలిన చిన్న వాల్వు సెట్టు.

"అమ్మ పడగ్గదిలోది హనుమయ్యా. గొంతు పోయింది. కొత్తది కొందామంటే వద్దంటుంది."

"ఎందుకండీ కొత్తది? నేను చూస్తా కదా."

హనుమయ్య పెట్టెలోని స్పీకర్లన్నీ పెట్టి చూశాడు. అమ్మగారి సెట్టు కదా, ఉన్నవాటిలో శ్రేష్ఠమైనదే వేయాలని, గొంతు నిండుగా ఉన్నదాన్ని ఏరి వేశాడు. ఆ పెట్టెలో అతుకు లేని స్పీకరే లేదు కనక అతుకు చూసి అనుమానం రాలేదు. ఏది వేశాడో చెప్పనక్కర్లేదు. మనిషి గౌరవంతో చేసే తప్పులు పొగరుతో చేసేవాటికంటే ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటాయి.

మర్నాడు ప్రాంతీయ వార్తలవేళ బసవమ్మ గారు స్విచ్చి నొక్కారు. చదివే ఆయన స్వరం మంద్రంలోకి దిగిన చోటల్లా, అన్నం మెతుకుల అతుకు అదిరి 'జుర్రు' మంది. ఎన్నో ఏళ్ళు ఆ ఇంట్లో వార్తలన్నీ ఆ జుర్రుతోనే వచ్చాయి. "అది రేడియో కాదే, మధ్యలో నేను గొంతు సవరించుకుంటున్నా," అనేవారట వీరరాఘవయ్య గారు. ఆవిడ మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయారు.

ఆవిడకు ముందు వచ్చింది సంతోషమో భయమో ఆవిడకే తెలియాలి. పైకి వచ్చిన మాట మాత్రం ఇది:

"ఒరేయ్ పున్నా! ఇచ్చిన దానం ఇంటికొచ్చిందిరా!"

ఇచ్చినదాన్ని తిరిగి పుచ్చుకుంటే దత్తాపహారం అంటారు. దొంగతనంకన్నా పెద్ద పాపం. పైగా ఇక్కడ రేడియో కిందికి వచ్చేసిందంటే పైన ఆయన దగ్గర లేదనే కదా అర్థం. బసవమ్మ గారు ఆ పూట అన్నం ముట్టలేదు.

మధ్యాహ్నానికి ఈ సంగతి రత్నబాబు హోటలు చేరింది. అక్కడికి చేరిన సంగతి బస్సెక్కడం ఎంతసేపు? సాయంత్రం ఉంగుటూరు రైతొకాయన తన రేడియో చంకనబెట్టుకుని దిగాడు.

"నా సెట్టులో ఎవరున్నారయ్యా?"

"ఎవరుంటారండీ? ట్రాన్స్‌ఫార్మరు ఉంది."

"అది ఎవరిదని అడుగుతున్నా. బతికున్నోళ్ళదా, పోయినోళ్ళదా?"

హనుమయ్య ఆలోచించాడు. నిజంగానే తెలియదు. పెట్టెలో పడ్డాక దేనికీ ఊరూ పేరూ ఉండేవి కావు. అదే ఆ కొట్టుకు సుఖం, అదే ఇప్పుడు కష్టమైంది. తెలియదని చెప్పాడు. అవతలాయన రేడియో బల్ల మీద పెట్టి, అందులో ఉన్నది ఎవరైనా సరే తీసేయమని చెప్పి వెళ్ళిపోయాడు. తర్వాత ఇంకొకరు. తర్వాత ఇంకొకరు. కొందరు రేడియోతోపాటు నిమ్మకాయ కూడా తెచ్చారు. రత్నబాబు హోటల్లో పాట పెడితే, "ఏవయ్యా, ఇది పాడుతున్నది గాయకుడేనా, వెనక ఇంకెవరన్నా ఉన్నారా?" అని వేళాకోళం.

"నేను చెబితే విన్నావా?" అంది సరోజ. "వల్లకాడని అప్పుడే అన్నాను."

హనుమయ్య లెక్క వేసుకున్నాడు. కొత్త సామాను బెజవాడ నుంచి తెచ్చి వేస్తే, ఆ ఖరీదుకు కూలీల ఇళ్ళల్లో ఒక్క రేడియో మోగదు. పాతది వేస్తానంటే ఎవరూ ముట్టుకోరు. బోర్డు దించి మళ్ళీ తోట కాపలాకు పోవడమే మిగిలింది. రేడియోలు బల్ల మీద పేరుకుంటున్నాయి. జీవితంలో మొదటిసారి అతని కొట్లో సామాను నిజంగా చచ్చినట్టు కనిపించింది.

ఇంతలో బసవమ్మ గారు కబురు పెట్టారు. అవధానులు గారికీ పెట్టారు. రత్నబాబుకు ఎవరూ పెట్టలేదు గానీ, సాక్షి లేకుండా పంచాయితీ చెల్లదని అతనూ వచ్చాడు.

అరుగు మీద చిన్న రేడియో, దాని ముందు అవధానులు గారు, ఆయన సంచిలో ట్రాన్సిస్టరు. హనుమయ్య వాకిట్లో, ఒకప్పుడు నిలబడ్డ చోటే నిలబడ్డాడు.

"ముందు మీరు చెప్పండి అవధానులు గారూ," అన్నారు బసవమ్మ గారు. "మేమిచ్చింది మీరు అమ్ముకున్నారా?"

"అమ్మలేదమ్మా, మార్చుకున్నాను. పుచ్చుకున్నాక అది నాది."

"మీదే. కాదన్లేదు. మరి ఆయన అక్కడ ఏం వింటారు?"

అవధానులు గారు సంచిలోంచి ట్రాన్సిస్టరు తీసి అందరికీ చూపించారు. "ఆ దానఫలం దీనిలో ప్రవేశించినట్టే లెక్క. నేను రోజూ వింటూనే ఉన్నాను. ఆయనకూ వినపడుతూనే ఉంటుంది."

"వార్తలే వింటున్నారా, పాటలా?" అన్నాడు రత్నబాబు.

"నువ్వూరుకోవయ్యా," అన్నారు అవధానులు గారు.

బసవమ్మ గారు హనుమయ్య వైపు తిరిగారు. "ఏరా హనుమా, అయ్యగారి రేడియో నీకు తెలియదూ?"

"తెలుసమ్మగారూ. చూడగానే తెలిసింది. చేతులు కడుక్కునే విప్పాను."

"మరి?"

"విప్పాక మర్చిపోయానండి. నా దగ్గర పెట్టెలో వేసేశాక దేనికీ పేరుండదు. మీ సెట్టు కదా, మంచిది వేద్దామని చూస్తే అన్నిటికన్నా మంచి గొంతు అదే. వేశాను."

బసవమ్మ గారు కోపంగానే అన్నారు, కానీ ఆ కోపంలో పదును తగ్గింది.

"పేరుండకపోవడమేంటిరా? పది ఇళ్ళ కోళ్ళు ఒకచోట మేస్తే కాలికి రంగు పీలిక కట్టమూ? పిల్లనిచ్చేటప్పుడు ఇంటిపేరు అడగమూ? ఒక ఇంట్లోంచి వచ్చింది ఆ ఇంట్లోకే పోకూడదు. ఇంకెక్కడికైనా పోవచ్చు. ఈపాటి తెలియదట్రా నీకు?"

హనుమయ్య తల దించుకున్నాడు. చేసిన తప్పుకే కాదు, అంత తేలికైన సంగతి ఇన్నేళ్ళూ తట్టనందుకు కూడా.

"తీసేస్తానమ్మగారూ. ఇప్పుడే."

"తీసి?"

"పెట్టెలో..." అని ఆగాడు.

"పెట్టెలో వేస్తే మళ్ళీ ఎవడో వేయించుకుపోతాడు. ఏ గన్నవరమో పోతుంది." ఆవిడ అవధానులు గారిని అడిగారు. "ఇంట్లో ఉండకూడదు, అంతేనా? తోట ఇల్లు కిందికి వస్తుందా?"

అవధానులు గారు కళ్ళు మూసుకుని శాస్త్రాన్నంతా ఒకసారి తిరగేసినట్టు కనిపించారు. "గృహమంటే పొయ్యి ఉండాలమ్మా. తోట గృహం కాదు."

"తోట పాకలో పొయ్యి ఉందిగా!" అన్నాడు రత్నబాబు.

"అది ఇన్నమ్మ పొయ్యి," అన్నారు బసవమ్మ గారు. ఇన్నమ్మ, ఆవిడ మొగుడు సవరయ్య ఇప్పుడు ఆ తోట కాపలా మనుషులు. "ఇన్నమ్మ దగ్గర గొంతు పోయిన ట్రాన్సిస్టరు ఒకటుంది. దానికి తగిలించు. వాళ్ళకిచ్చినట్టు. నాకేమీ సంబంధం లేదు."

సంబంధం లేదన్న మాట ఆవిడ ఎంత గట్టిగా అన్నారంటే, అందరూ మరో వైపు చూశారు.

పంచాయితీ అక్కడితో ముగిసి ఉంటే హనుమయ్య కొట్టు తెరుచుకునేదో లేదో. లేవబోతూ బసవమ్మ గారు, గోడ అవతల గుమిగూడిన వాళ్ళకి కూడా వినపడేటట్టు కొడుకుతో అన్నారు:

"నేను పోతే ఈ చిన్న సెట్టు తిన్నగా హనుమయ్యకే ఇచ్చెయ్యి. మధ్యలో అవధానులు గారికి రిక్షా ఖర్చు దేనికి?"

ముసునూరి బసవమ్మ గారే తన రేడియో ఇస్తానంటే, ఆ సామానుకు మైల అంటుతుందని అనగలిగే ధైర్యం ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు.

హనుమయ్య ఇంటికెళ్ళి సరోజ పాత చీర అడిగాడు. పీలికలు చించి, తెలిసిన సామానుకల్లా ఒక పీలిక కట్టి, దాని మీద ఇంటిపేరు రాశాడు. తెలియనివాటికి తెల్ల పీలిక కట్టి, దూరపు ఊళ్ళకు మాత్రమే వేశాడు. ఎవరైనా రేడియో తెస్తే ముందు ఇంటిపేరు అడిగేవాడు, తర్వాత రోగం అడిగేవాడు. గద్దె వారి ట్రాన్స్‌ఫార్మరు బొర్రా వారి సెట్టులోకి, బొర్రా వారి నాబ్‌లు ఉంగుటూరులో ఇంకొకరికి. సంబంధాలు చూసినంత శ్రద్ధగా చూసేవాడు. కొన్నాళ్ళకు జనానికి దీని రుచి తెలిసింది. "మా సెట్టులో ఎవరో తెలుసా? గద్దె వారు!" అని గొప్పలు మొదలయ్యాయి. తమ ఇంటి స్పీకరు ఏ ఊళ్ళో మోగుతుందో కనుక్కుని, అటువైపు వెళ్ళినప్పుడు ఆ గడపలో మంచినీళ్ళు తాగి వచ్చినవాళ్ళూ ఉన్నారు. పై అరలో సీసాకు మాత్రం హనుమయ్య ఏ పీలికా కట్టలేదు. అది ఎవరిదని రాస్తాడు? ఆ నూనెలో అన్ని ఇళ్ళ వాటా ఉంది. అందరిదీ అయినదాన్ని ఎవరూ అడగరు.

తోట పాకలో, హనుమయ్య పుట్టిన చోటే, పాకను మోసే నిట్టాడి గుంజ పక్కనే, ఒక మామిడిపెట్టెకు గుండ్రంగా రంధ్రం చేసి అందులో ఆ స్పీకరు బిగించి, ఇన్నమ్మ ట్రాన్సిస్టరుకు తీగ కలిపాడు. కాయ కోతలు మొదలయ్యాక, వరిగడ్డి పరిచి రసాలు గంపలకెత్తే ఆడవాళ్ళ దగ్గర అది మోగేది. ఆ సంవత్సరం నుంచి బసవమ్మ గారికి పెద్దకర్మలో లేని కొత్త శ్రద్ధ ఒకటి పుట్టింది. కాయలు సరిగ్గా ఎత్తుతున్నారో లేదో చూడాలని, సరిగ్గా ప్రాంతీయ వార్తల వేళకు తోటకు వచ్చేవారు. బోర్లించిన గంప మీద కూర్చునేవారు. కాయల వంక మాత్రం చూసేవారు కాదు.

తొలకరికి చెమ్మ పట్టి, అన్నం మెతుకుల అతుకు ఊడింది. ఇన్నమ్మ కబురు చేస్తే హనుమయ్య వచ్చాడు. కాలెండరు ముక్క తీసేసి, పల్చటి గుడ్డ వేసి, మంచి బంకతో నున్నగా అంటించాడు. గొంతు గంటలా మోగింది. తన పనికి తనే మురిసిపోయి వెళ్ళాడు.

మర్నాడే సవరయ్య సైకిలు మీద కొట్టుకొచ్చాడు.

"అమ్మగారు రమ్మన్నారు."

"ఏం, మోగట్లేదా?"

"మోగుతుంది. మోగుతుంటేనే రమ్మన్నారు."

హనుమయ్య వెళ్ళేసరికి బసవమ్మ గారు గంప మీదే ఉన్నారు. మామిడిపెట్టెలోంచి వార్తలు స్వచ్ఛంగా, ఒక్క మచ్చ లేకుండా వస్తున్నాయి.

"ఎవర్రా ఇందులో మాట్లాడేది?" అన్నారు ఆవిడ.

హనుమయ్యకు అర్థమైంది. పెట్టె విప్పి, తను అంత బాగా అంటించిన గుడ్డను జాగ్రత్తగా పీకేశాడు. కాలెండరు ముక్క జేబులోనే ఉంది. పారేయడం అలవాటు లేని మనిషి కదా. ఇన్నమ్మను అడిగి కుండలోంచి నాలుగు మెతుకులు తీసుకుని, చేత్తో మెదిపి, ఆ ముక్కను పాత చోటే, పాత వంకరతోనే అంటించాడు. ఆరేదాకా ముగ్గురూ కూర్చున్నారు.

స్విచ్చి నొక్కాడు. వార్తలు అయిపోయి, ఎవరో ఎరువుల గురించి చెబుతున్నారు. స్వరం మంద్రంలోకి దిగింది. జుర్రుమంది.

"ఊఁ," అన్నారు బసవమ్మ గారు. తర్వాత కాయల వైపు తిరిగి, "ఆ గంపలో గడ్డి చాల్లేదు ఇన్నమ్మా, ఇంకాస్త వెయ్యి," అన్నారు.